రేవు పద్యానికి వన్స్ మోర్

మా నాటకంలో ఒక పద్యానికి నలభై ఏళ్లలో ఒక్కడంటే ఒక్కడు వన్స్ మోర్ అనలేదు. ఆ సంగతి యంత్రానికి తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు, మేమే చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని మాకే తోచలేదు.

పద్యనాటకం చూసినవాళ్లకు వన్స్ మోర్ గురించి వేరే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. నటుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి దించగానే, నచ్చితే జనంలోంచి ఒకడు లేచి 'వన్స్ మోర్' అని అరుస్తాడు. వెనక పదిమంది అందుకుంటారు. అప్పుడు ప్రాణం పోతున్న రాజైనా సరే, చావడం ఆపి, లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. పట్నం వాళ్లకు ఇది నవ్వులాట. నవ్వుకోనీండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, జనం అడిగారంటే మాకు అన్నం దొరికినట్టే.

నా పేరు అంకమ్మరావు. తెనాలి మురళీధర నాట్యమండలిలో హార్మోనిస్టుని. కాళ్లతో తొక్కే పాతకాలపు హార్మోనియం నాది. నా భార్య నాంచారమ్మ మా మండలికి పెద్ద నటి. మేము ఆడే 'గోవిందరేవు'లో ఆమె పడవ నడిపే నాగులమ్మ. కృష్ణకు వరద వస్తుంది. నాగులమ్మ ఊరందరినీ పడవ మీద పడవగా ఆవలి గట్టుకు చేరుస్తుంది. కన్నకొడుకును మాత్రం 'నీ వంతు ఆఖర్నరా' అని రేవులో నిలబెడుతుంది. ఆఖరి పడవతో తిరిగొచ్చేసరికి రేవు కూలిపోయి ఉంటుంది. అప్పుడు పాడే పద్యం ఇది:

ఊరినెల్లను నొడ్డున నుంచినాను,
ఒక్క నీ చేయి యందక యొరిగిపోయె...

ఈ పద్యం అయ్యాక హాల్లో చప్పుడుండదు. ఆ తల్లిని మళ్లీ ఆ రేవులోకి తొయ్యడానికి ఎవరికీ నోరు రాదు. తాగొచ్చినవాడు కూడా తల దించుకుని కూర్చుంటాడు. అందుకే ఎవరూ అడగలేదు. నచ్చక కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా మొదటి పిల్లాడు చంటి నాలుగేళ్లకే పోయాడు. మేం ఒంగోల్లో ఆటలో ఉన్నాం, వాడు అమ్మమ్మ దగ్గర జ్వరంతో ఉన్నాడు. మేం వచ్చేసరికి అయిపోయింది. నాంచారమ్మ ఇంట్లో ఏడవగా నేను చూడలేదు. ఒక్కసారి మాత్రం నాతో అంది: "ఆ పద్యం ఎత్తుకున్నప్పుడు వాడొస్తాడయ్యా. తడి తలతో, తువ్వాలు పట్టుకుని. తల తుడవమంటాడు. పద్యం అయిందాకా ఉంటాడు." ఆ రోజు నుంచి ఆ పద్యానికి శ్రుతి వేసేటప్పుడు నా కాళ్లు జాగ్రత్తగా తొక్కేవి.

చంటి పోయిన రెండేళ్లకు పుట్టింది రంజని. చదువులో చురుకు. గుంటూరులో ఒక పరిశోధనశాలలో చేరింది. ఆసుపత్రి మంచాల కింద పరిచే ఒక పల్చటి పొర మీద వాళ్ల పని. రోగిని ముట్టుకోకుండానే గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో చెబుతుందది. ఒక ఆదివారం మా అమ్మాయి బాపట్లలో మా ఆట చూడ్డానికి వచ్చింది. జనం పదిహేడు మంది. అందులో నలుగురు మైకుసెట్టు వాళ్లు, పడుకుని ఉన్నారు.

ఆ రోజులు అలాంటివి మరి. ఎవడికి కావలసిన సినిమా వాడికి ఫోనే అప్పటికప్పుడు వండి పెడుతోంది. ఏడుపు కావాలంటే ఏడుపు, నవ్వు కావాలంటే నవ్వు, కథానాయకుడి మొహం కూడా ఎవడికి నచ్చినది వాడికి. ఇల్లు కదిలి మా దగ్గరికి ఎవడొస్తాడు?

ఆట అయ్యాక రంజని నాతో దెబ్బలాడింది. "పదిహేడు మంది ముందు గొప్పగా వాయించి ఏం చేసుకుంటావ్ నాన్నా? ఆ గొప్పతనం బీరువాలో దాచుకుంటావా?"

"జనం కోసం కళను చవక చెయ్యమంటావా?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"చవక చెయ్యమనట్లా. వాళ్లకి ఎక్కడ విసుగొస్తందో, ఎక్కడ గుండె తడుస్తందో తెలుసుకోమంటన్నా. అంతే."

అలా వచ్చింది యంత్రం. కుర్చీల మీద ఆ పొర, నటి చేతికొక గాజు. హాల్లో జనం గుండెలు లెక్కగట్టి గాజు సన్నగా గిల్లుతుంది. ఒక గిల్లు గిల్లితే కుదించమని. రెండు గిల్లితే పొడిగించమని. మూడు గిల్లితే వన్స్ మోర్ అని. మా వాళ్లు దానికి గిల్లుడు గాజు అని పేరు పెట్టారు. కూతురు కట్టిన గాజు కదా, అది చెప్పినట్టే ఆడతానని నాంచారమ్మ మాటిచ్చింది.

మొదటి ఆట పొన్నూరులో. తెర లేవగానే నేను వాయించే రాగం ఒకటుంది, పన్నెండు నిమిషాలు. నా నలభై ఏళ్ల విద్యంతా అందులో ఉంటుంది. మూడో నిమిషంలో నాంచారమ్మ తెర చాటునుంచి ముందుకొచ్చేసింది. గాజు గిల్లిందట! ఆ రోజు నాకు వచ్చిన కోపానికి హార్మోనియం మెట్లు ఊడిపోవాల్సింది. తర్వాత రంజని యంత్రం గీసిన గీతలు చూపించింది. నేను రాగం మొదలుపెట్టిన రెండో నిమిషానికే సగం హాలు మనసు ఇంటికెళ్లిపోయిందట. ఆ సగంలో మా మేనేజరు మస్తాన్‌వలి కూడా ఉన్నాడు.

"ఏంది మస్తానూ, నీక్కూడానా?" అన్నాను.

"తప్పు నాది కాదు మాస్టారూ, ఊపిరి అలా ఆడింది," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

నిజం ఒప్పుకోవాలి. రాగం మూడు నిమిషాలకు దిగాక బాగుంది. నా పాండిత్యం చూపించుకోవడానికి జనాన్ని కట్టేసి కూర్చోబెట్టేవాణ్ణి, కళ అని దానికి పేరు పెట్టుకున్నాను. యంత్రం చెప్పిన వాటిలో చాలా సబబైనవే. అందుకే, రేవు పద్యం దగ్గర అది తప్పు చెప్పినప్పుడు మేమెవరం పట్టుకోలేకపోయాం.

ఆ పొన్నూరు ఆటలోనే జరిగింది. నాంచారమ్మ రేవు పద్యం దించింది. ఎప్పట్లాగే హాల్లో చప్పుడు ఆగిపోయింది. నేను కాళ్లు ఆపబోతున్నాను. ఆమె నా వైపు తిరిగి, శ్రుతి వెయ్యమని కళ్లతో అడిగింది. గాజు మూడుసార్లు గిల్లింది. గిల్లదా మరి? అన్ని గుండెలూ ఒక్కసారే కొట్టుకున్నది అక్కడే. గుండె తడిస్తే మళ్లీ కావాలని యంత్రం లెక్క. మళ్లీ వద్దనుకునే తడి ఒకటుంటుందని దానికెవరు చెబుతారు?

ఆమె మళ్లీ పాడింది. జనం మొదట నివ్వెరపోయారు. తర్వాత లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తెర పడ్డాక నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏవయ్యా, రెండుసార్లొచ్చాడయ్యా వాడు! ఒకే రోజు రెండుసార్లు!"

ఆమె ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నేళ్లయిందో.

ఇక మా రొట్టె విరిగి నేతిలో పడింది. పొన్నూరు తర్వాత రేపల్లె, చిలకలూరిపేట, మార్టూరు. రేవు పద్యానికి వన్స్ మోర్ ఉందట అని జనం ఊళ్లు దాటి వచ్చారు. ఫోన్లో ఎవడి ఏడుపు వాడు ఏడిచేవాళ్లు, ఇక్కడ రెండు వేలమంది కలిసి ఏడవడం కొత్తగా ఉందని వచ్చారు. ఇప్పుడు గాజు గిల్లేలోగానే వాళ్లే అరుస్తున్నారు. రెండుసార్లు మూడయింది, మూడు నాలుగయింది. నెలకు రెండాటలు ఆడినవాళ్లం వారానికి అయిదాడుతున్నాం. మండలిలో ఇరవై రెండు మందిమి. మేకప్‌మ్యాన్ ఇంటికి పైకప్పు వేయించుకున్నాడు, తబలా అతను పిల్లను కాలేజీలో చేర్చాడు. రంజనికి నేను క్షమాపణ చెప్పాను. నా జన్మలో అదొకటి.

ఏడాది గడిచింది. ఒక పొద్దున నాంచారమ్మ వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా అంది: "చంటిగాడికి కుడిబుగ్గనా, ఎడంబుగ్గనా సొట్ట?"

"ఎడంబుగ్గన," అన్నాను.

"అవునా," అంది. తరగడం ఆపలేదు. "నాకు గుర్తురావట్లా. వాణ్ణి తలుచుకుంటే పద్యం వస్తంది. వాడు రావట్లా."

"ఎప్పట్నుంచి?"

"మార్టూరు ఆట నుంచి. మొదట్లో నాలుగుసార్లకి రెండుసార్లొచ్చేవాడు. తర్వాత ఒకసారి. ఇప్పుడు రేవులో నేనొక్కదాన్నే నిలబడి పాడతన్నా. దేవుడి గదిలో చీర రోజూ కట్టుకుంటే వంటింటి గుడ్డయిపోద్దిగా. నేనే చేసుకున్నా."

నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కి గుంటూరు పోయాను. పరిశోధనశాలలో రంజని నన్ను చూసి భయపడింది. సంగతి చెప్పాను. ఆమె నన్ను కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టింది. గాజు జనం మాట అమ్మకు చెప్పడమే కాదు, అమ్మ నాడిని కూడా రాసిపెడుతుందట. ఆ సంగతి అంతవరకూ నాకు తెలియదు.

"ఇది పొన్నూరు ఆట," అంది. గీత రేవు పద్యం దగ్గర నిలువునా లేచింది. "ఇది మొన్నటి చిలకలూరిపేట." గీత చదునుగా పోతోంది. పద్యం ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు. వంకాయలు తరిగేటప్పుడు కూడా అలాగే కొట్టుకుంటుంది ఆ గుండె.

"మరి జనం?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

రంజని రెండో గీత చూపించింది. జనం గీత పొన్నూరులో ఎంత లేచిందో చిలకలూరిపేటలో అంతకంటే ఓ వీసం ఎక్కువే లేచింది.

"వాళ్లకి తేడా తెలీలా నాన్నా," అంది. "అమ్మకి ఏం లేకపోయినా వాళ్లు అంతే ఏడిచారు."

నిజంగా అనుభవించి పాడితేనే జనం కరుగుతారని నలభై ఏళ్లు నమ్మినవాణ్ణి నేను. శిష్యులకు అదే చెప్పాను. సన్మానసభల్లో మైకు పట్టుకుని అదే చెప్పాను. ఆ గీత నా చెంప ఛెళ్లుమనిపించింది. అక్కడే కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడకుండా. జనం మోసపోయినందుకు కాదు. వాళ్లకు ఏ నష్టం లేదు. నష్టమంతా ఒక్క మనిషిది, అది వేరే ఎవరికీ కనపడదు.

రంజని నా పక్కన కూర్చుంది. "నేను అన్నయ్యని చూడనే లేదు. అమ్మ పద్యంలోనే చూశాను. దాన్నే చెరిపేశానా నాన్నా?" అంది.

ఆ వారమే ఇంట్లో అందరం కూర్చున్నాం. మూడో గిల్లు తీసేస్తానంది రంజని.

"తీసేసినా జనం అరుస్తారే. వాళ్లు రుచి మరిగారు," అంది నాంచారమ్మ.

మస్తాన్‌వలి తల వంచుకుని అన్నాడు: "వదినమ్మా, ఆట ఆపమని అనలేను, ఆపొద్దనీ అనలేను. జనం లేనప్పుడు ఎట్టా బతికామో నాకు తెలుసు. కానీ మీకిట్టా ఉంటే ఆ కూడు నాకు దిగుద్దా?"

"ఆట ఆగదు," అంది నాంచారమ్మ. "నేనాగుతా. సువార్తకి నేర్పుతా."

సువార్త నిజాంపట్నం పిల్ల. ఇరవయ్యారేళ్లుంటాయి. మండలిలో చేరి ఏడాది కాలేదు. చెలికత్తె వేషాలు వేసేది. గొంతు కంచుగంట. నాంచారమ్మ రెండు నెలలు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ ఊపిరి తియ్యాలో, 'ఒక్క' దగ్గర ఎంతసేపు ఆగాలో, చెయ్యి ఎక్కడ వదిలెయ్యాలో నేర్పింది. ఎవరిని తలుచుకోవాలో మాత్రం చెప్పలేదు. గొంతు ఉంటే చాలు, జనానికి తేడా తెలియదని గీతలే చెప్పాయి కదా. గాజు అలాగే ఆ పిల్ల చేతికి మారింది. ఈ ఏర్పాటుతో అందరం గట్టెక్కామని నేను సంబరపడ్డాను.

సువార్త మొదటి ఆట రేపల్లెలో, సాయంత్రం ఆరున్నరకు. హాలు కిటకిటలాడుతోంది. నాంచారమ్మ జీవితంలో మొదటిసారి మా ఆటకు జనంలో కూర్చుంది. ముందు వరస, మూడో కుర్చీ. రంజని తెర పక్కన గీతలు చూపే తన పెట్టె ముందేసుకుని ఉంది. నేను వేదిక కింద నా చోట ఉన్నాను.

వరద వచ్చింది. నాగులమ్మ పడవ మీద పడవ దాటించింది. రేవు కూలింది. సువార్త నా ముందుకొచ్చి మోకాళ్ల మీద కూలబడి పద్యం ఎత్తుకుంది. నేర్పిందంతా అలాగే పాడింది. కానీ 'ఒక్క' దగ్గర నేర్పినదానికంటే ఎక్కువసేపు ఆగింది. ఎంతసేపంటే, పద్యం మరిచిపోయిందేమోనని భయపడి నేను ఎత్తుగడ అందించబోయాను. ఆమె కళ్లు హాలును దాటి ఎక్కడో ఉన్నాయి. తర్వాత 'నీ చేయి' అంది. నా ఒళ్లు జలదరించింది. ఎప్పుడో పొన్నూరు ఆట తర్వాత మళ్లీ ఇదే.

పద్యం దిగింది. ఒక్క క్షణం, పాత రోజుల్లో లాగా, ఎవరూ నోరెత్తలేదు.

"వన్స్ మోర్!"

ఆ గొంతు నాకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లుగా దానికి శ్రుతి వేస్తున్నవాణ్ణి. నాంచారమ్మ మూడో కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. చెంగు జారిపోయింది, చూసుకోలేదు. మొహమంతా కన్నీళ్లు. చెయ్యి పైకెత్తి, చిన్నపిల్ల లాగా, మళ్లీ అరిచింది: "వన్స్ మోర్! అమ్మా, వన్స్ మోర్!" వెనక రెండు వేల గొంతులు అందుకున్నాయి.

వాడొచ్చాడని నాకు అర్థమైంది. తను పాడుతున్నప్పుడు రానివాడు, పరాయి పిల్ల పాడుతుంటే వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. వాణ్ణి ఇంకొక్కసారి చూడాలని అరుస్తోందామె. నలభై ఏళ్లుగా వన్స్ మోర్ కొట్టేవాళ్లను చూసి లోలోపల చులకనగా నవ్వుకున్న మొనగాణ్ణి నేను. వాళ్లలో ఎందరు ఎవరెవరిని చూశారో!

సువార్త నా వైపు తిరిగింది. చేతి గాజు గిల్లుతోందని మణికట్టు కదలికలోనే తెలుస్తోంది. నేను కాళ్లు హార్మోనియం పెడళ్ల మీద పెట్టాను. నా నాంచారి అడుగుతోంది, వెయ్యకుండా ఎలా ఉంటాను? అప్పుడు ఆ పిల్ల కళ్లు చూశాను. అవి నటన కళ్లు కావు.

హోరులో ఎవరికీ వినపడకుండా ముందుకు వంగి అడిగాను: "ఎవరమ్మా నీకు కనపడేది?"

"మా నాన్నండీ మాస్టారూ," అంది. "పోయినేడు వేటకెళ్లి రాలేదండీ. బోటు దొరికింది. ఆయన దొరకలేదు." కళ్లు తుడుచుకోబోయి, రంగు చెరుగుతుందని ఆగింది. "వెయ్యండి మాస్టారూ, పాడతాను. మళ్లీ వస్తాడేమో."

ఇదే సంతోషం. పొన్నూరులో నాంచారమ్మ నా చెయ్యి పట్టుకున్నప్పటి సంతోషం.

నేను పెడళ్ల మీదనుంచి కాళ్లు తీసేశాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తెర పక్కనుంచి మస్తాన్‌వలి వెయ్యమని సైగలు చేస్తున్నాడు. జనం కుర్చీలు కొడుతున్నారు. 'ఏం మాస్టారూ, నిద్రపోయావా?' అని ఎవడో అరిచాడు. ఒక చెప్పు కూడా వచ్చి నా హార్మోనియం పక్కన పడింది. నా భార్య నన్నే చూస్తోంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె అడిగిన శ్రుతి నేను ఇవ్వకపోవడం అదే మొదలు. రంజని పెట్టె మూసేసి, వేదిక మీదికి నడిచొచ్చి, సువార్త భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తెర పడింది.

నాంచారమ్మ గబగబా వేదిక వెనక్కి వచ్చింది.

"ఎందుకు వెయ్యలేదు? ఏవయ్యా, ఎందుకు వెయ్యలేదు? వాడొచ్చాడయ్యా! ఎడంబుగ్గనే సొట్ట. నా కొడుకయ్యా!"

నాకూ కొడుకే. ఆ మాట అనలేదు. సువార్త తండ్రి సంగతి చెప్పాను. ఆ పిల్ల ఏం చూస్తోందో, ఇంకోసారి పాడడానికి ఎంత ఆశపడిందో చెప్పాను. నాంచారమ్మ వింటూ నిలబడింది. కోపం పోలేదు, కానీ అరవడం మానేసింది. మూల కూర్చుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న సువార్త దగ్గరికెళ్లి, ఆ పిల్ల చేతిలోని గుడ్డ తీసుకుని తనే తుడిచింది. చాలాసేపు తుడిచింది.

తర్వాత నా దగ్గరికొచ్చింది. "రేపెక్కడ ఆట?"

"చీరాలలో."

"ముందు వరసలో నాకు కుర్చీ వెయ్యమను."

"అరుస్తావా మళ్లీ?"

"అరవనని మాటివ్వలేనయ్యా," అంది నాంచారమ్మ.

"నేనూ శ్రుతి వేస్తానని మాటివ్వలేను," అన్నాను.

ఆమె తలూపి, చెంగు సర్దుకుని వెళ్లి వ్యానులో కూర్చుంది.